అండా దండగా

సమయపాలన మీద ఊళ్ళు తిరిగి ఉపన్యాసాలిచ్చే మనిషికి సమయానికి పాలు తేవడం మాత్రం చేతకాదు. ఈ సంగతి శిష్యులకు తెలియదు, భార్యకు తెలుసు. బయట ఆయన్ని అందరూ పాలన మాస్టారంటారు. ఇంట్లో భార్య ఏమంటుందో ఆయనకు తెలియదు. ఇంట్లో మాట్లాడేది ఎప్పుడూ ఆయనే కాబట్టి ఆమె మాట వినే తీరిక లేదు.

ఆమె బస్సు డిపోలో కంట్రోలరు. ఏ బస్సు ఎప్పుడు కదలాలో చెప్పి, చెయ్యెత్తి పంపించే పని. ఇన్నేళ్ళూ మధ్యాహ్నం షిఫ్టు చేసింది. ఇప్పుడు తెల్లవారుజాము షిఫ్టు బాధ్యత ఆమెకు ఇచ్చారు. తొలి బస్సును వదిలే కుర్చీ అంటే డిపోలో లెక్కే వేరు. ఇన్నాళ్ళూ ఆ కుర్చీలో ఒక పెద్దమనిషి ఆవులిస్తూ కూర్చునేవాడు. అందుకే ఆయన్ని 'ఆవులింత' అని పిలిచేవారు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. పై అధికారి ముందే మొహం మీద చెప్పేశాడు: "సోమవారం మొదటిరోజు ఆలస్యమైతే కుర్చీ మళ్ళీ ఆయనకే అమ్మా. తర్వాత నన్ననుకోవద్దు."

ఈ కబురు ఇంట్లో చెప్పగానే అత్తగారు అడిగింది:

"తెల్లారకుండా నువ్వెళ్ళిపోతే మా నోట్లోకి ఏం వెళ్తుంది?"

మాస్టారు క్లాసులో లేచినట్టు లేచి గొంతు సవరించుకున్నారు.

"బెంగపడకమ్మా, నేను అండగా ఉంటాను. ఆదివారం ఒక్కపూట ఓవెన్ ముందు నిలబడితే వారానికి సరిపడా గుడ్డు వంటకం తయారు. ముక్కలు కోసి డబ్బాల్లో పెట్టేస్తే, రోజూ వెచ్చబెట్టుకుని తినడమే. దీన్నే ముందుచూపంటారు."

అండగా అన్నారో, అండంగా అన్నారో భార్య సరిగా వినలేదు. ఏదన్నా ఒకటే. ఆయన పైకి గట్టిగా కనిపిస్తారు, ఒక్క దెబ్బ తగిలితే కారిపోతారు.

కొత్త ఓవెన్ వచ్చింది. కొన్నది ఆయన, మేడమెట్లు ఎక్కించి నడుం పట్టేసింది ఆమెకు. "దీని పేరు ఓవెన్ కాదు, ఓ వెన్నుపోటు" అంది ఆమె. మాస్టారు నవ్వలేదు. తను వేయని జోకులకు నవ్వడం సమయం వృథా అని ఆయన సిద్ధాంతం.

నిజానికి పని పెద్దదేం కాదు. గుడ్లు గిలక్కొట్టి, పాలు పోసి, ఉప్పూ మిరియాలూ వేసి, పాలకూర, ఉల్లిపాయ, బ్రెడ్ ముక్కలు కలిపి, నూనె రాసిన ట్రేలో పోసి ఓవెన్లో పెట్టాలి. పొంగి గట్టిపడ్డాక తీసి, చల్లారాక కోసుకోవాలి. చేతులున్న ఎవరైనా చెయ్యొచ్చు. మాస్టారికి మాత్రం ఏ పనిలోనైనా చేతులకన్నా ముందు నోరొస్తుంది.

ఆదివారం ఆయన ఫోన్లో వంట విధానం పైకి చదువుతూ, ఒక్కో వాక్యాన్నీ కొట్టేస్తూ పోయారు.

"'పాలకూరలో నీళ్ళు పిండేయాలి.' అక్కర్లేదు, బలమంతా అందులోనే ఉంటుంది. 'ట్రేకి నూనె రాయాలి.' గుడ్డులో కొవ్వుందిగా, అదే రాసుకుంటుంది. 'పూర్తిగా చల్లారనివ్వాలి.' ఇదిగో, జనం జీవితాలు వృథా అయ్యేది ఇక్కడే. చల్లారేదేదో డబ్బాలోనే చల్లారుతుంది."

భార్య గిన్నె దగ్గరికి లాక్కుని చెంచాతో కెలకడం మొదలుపెట్టింది.

"నువ్వు ప్రతిదానికీ ఇంతే. కోడిగుడ్డు మీద ఈకలు పీకుతావు" అన్నారాయన.

"ఈకలు కాదండీ, పెంకులు పీకుతున్నా. మీరు గిన్నెలో పడేసినవి. పెంకు తియ్యడం రాకపోయినా పెంకితనానికి తక్కువ లేదు."

ట్రే లోపలికి వెళ్ళింది. వంటకం పొంగింది. దాంతోపాటు మాస్టారూ పొంగారు. ఫోటో తీసి శిష్యులందరికీ పంపారు. ఆ ఫోటో వాళ్ళకు చేరేలోపే వంటకం కుంగింది. అంచులు మాడాయి, మధ్యలో చెరువు. ట్రే ముక్కల్ని వదలనంది. గీకితే ముక్కలు రాలేదు, తుక్కొచ్చింది.

"ఎలా ఉంది?" అని అడిగారు మాస్టారు.

ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, గోడను చూస్తూ నమిలి మింగింది. "ఇది కోడిగుడ్డు కాదండీ, కొడిగట్టిన గుడ్డు. సొన తక్కువ, సొద ఎక్కువ."

"నీకు కొత్తదంటే పడదు."

"కొత్తదనేం లేదు. పెళ్ళైన దగ్గర్నుంచీ తింటున్న రుచే."

ఆయన ఆ పొగలు కక్కే తుక్కును అలాగే డబ్బాల్లోకి తోసి మూతలు బిగించి, ఒక్కోదాని మీదా చీటీ అంటించారు. సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర, శని. పక్కన 'వారం' అని రాస్తే సిరా వృథా అట. తల్లికి కారం పడదు కాబట్టి మిరియాలు వేయకుండా చిన్న గిన్నెలో వేరేగా చేసినదాన్ని ఆఖరి డబ్బాలో పెట్టారు. డబ్బాలన్నీ ఫ్రిజ్‌లో పేర్చి, దాన్ని అన్నింటికన్నా పైన ఉంచి, "పై డబ్బా నీదేనమ్మా, ఎప్పుడు కావాలంటే అప్పుడు తిను" అని చెప్పి, విజయం సాధించినవాడిలా సోఫాలో కాళ్ళు చాపుకున్నారు.

కాసేపటికి ఫ్రిజ్ తలుపు ధడేలుమంది. అత్తగారు డబ్బా పట్టుకుని హాల్లోకొచ్చింది.

"ఇది నాదేనా?"

"నీదేనమ్మా."

"చూసే అంటించావా?"

"చూసే అంటించా. గుర్తుండాలిగా."

"ఏం గుర్తుండాలి, నేనేంటో నాకా?" అని చీటీ మీద వేలు పెట్టింది. శని. తర్వాత కోడలివైపు తిరిగింది. "మనసులో మాట మొత్తానికి డబ్బా మీదకెక్కించావా అమ్మాయ్?"

"నా రాత కాదత్తయ్యా. మీ అబ్బాయి గుండ్రంగా రాస్తారు. చూడండి, ఎంత ముద్దుగా ఉందో."

అత్తగారు కొడుకు కేసి చూసిన చూపుకు ఓవెన్ అక్కర్లేదు, ఏదైనా ఉడికిపోతుంది.

"నిన్ను కని, శనినయ్యాన్రా."

"అయ్యో అమ్మా, అది వారం పేరు. శనివారం."

"అలాగా. మరి గురు ఎవర్రా, నువ్వా? మంగళం ఎవరికి పాడదామని?"

భార్యకు అత్తగారి మీద హఠాత్తుగా గౌరవం పుట్టుకొచ్చింది. అది పుట్టి కళ్ళు తెరిచేలోపే అత్తగారు దాని పీక నొక్కేసింది.

"వీడి చేతి ముద్ద నేను ముట్టను. రేపట్నుంచి నాకు నువ్వే చేసిపెట్టాలి అమ్మాయ్."

"రేపు పొద్దున నేనుండనత్తయ్యా. మొదటిరోజు."

"ఉండవూ. చూద్దాంలే."

ఆ చీటీలు మళ్ళీ తల్లి కంటపడకూడదని మాస్టారు డబ్బాలన్నీ తీసుకెళ్ళి, పైన గడ్డకట్టే అరలోకి కుక్కి తలుపేశారు. ఆయన ముందుచూపు అంతదాకానే.

సోమవారం వీధిదీపాలు ఆరకముందే ఆమె యూనిఫాం వేసుకుని జడ బిగించుకుంది. డిపో వ్యాను సందు చివరికి వస్తుంది, వచ్చి ఎవరికోసమూ ఆగదు. పడకగదిలో మాస్టారి అలారం మోగింది. మాస్టారు దాని నోరు నొక్కి అటు తిరిగి పడుకున్నారు. వంటింట్లో మాత్రం అత్తగారు అప్పటికే కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

"ఆకలేస్తోంది" అంది.

"బిస్కెట్లున్నాయి, పాలున్నాయి."

"చల్లటి పాలు నేను తాగను."

"పొయ్యి మీ పక్కనే ఉందత్తయ్యా. కాదనదు."

ఈ మాటలకు మాస్టారు లేచొచ్చారు, జుట్టు ఒకవైపు, ముందుచూపు ఒకవైపు. పై అరలోంచి సోమ డబ్బా లాగి గట్టుమీద బోర్లించారు. ఠంగుమంది. కత్తి పెట్టారు, జారింది. మళ్ళీ పెట్టారు, ముక్క సింకులోకి గెంతింది. అది ఇప్పుడు తిండి కాదు, గోడలో పెట్టుకునే ఇటుక.

"చూడు, వ్యానువాళ్ళకు ఫోన్ చేసి ఓ పావుగంట ఆగమను. ఈలోగా అమ్మకేదన్నా చేసిపెట్టు. నాకూ పదింటికి క్లాసుంది" అన్నారు.

"ఏం క్లాసు?"

"ఉదయాన్ని జయించడం ఎలా అని."

ఆమె చెప్పులు తొడుక్కుంటోంది.

"ఒక్కరోజేగా" అన్నారాయన వెనకాలనుంచి.

ఆ ఒక్కరోజే కదా అసలు సంగతి. ఆమె తలెత్తి ఆయన్ని చూసింది. కోపం రాలేదు. కోపం రావాలంటే ఎదుటి మనిషి మీద కాస్తో కూస్తో ఆశ ఉండాలి. గదిలో ఒక కుర్చీ ఉంది, ఒక ఓవెన్ ఉంది, ఒక మొగుడున్నాడు. అన్నిట్లోకీ కుర్చీ నయం, దానిమీద కూర్చోవచ్చు.

సందు చివర వ్యాను హారన్ వినిపించింది. "అమ్మాయ్, మరి నా సంగతి?" అని అత్తగారు అడుగుతుండగానే ఆమె మెట్లు దిగిపోయింది.

డిపోలో ఇంజన్లు వేడెక్కుతున్నాయి. కంట్రోలు గది తలుపు తీసేసరికి ఆవులింత కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ముందే వచ్చి. తన షిఫ్టున్నప్పుడు ఏనాడూ ఇంత పెందలాడే రాలేదు.

"మీరా? ఆడవాళ్ళకి పొద్దున్నే ఇంట్లో సవాలక్ష పనులుంటాయిగా, రారేమో అనుకున్నా. ఎందుకైనా మంచిదని వచ్చా" అన్నాడు.

"లెండి."

"ఇంకా టైముందిగా."

"నాకుంది. మీకు లేదు."

ఆయన మొదలుపెట్టిన ఆవులింతను సగంలోనే మింగి లేచాడు. ఆమె కూర్చుంది. కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది. తొలి బస్సు డ్రైవరు కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి ఊపాడు. అప్పుడే ఆమె సంచిలో ఫోను మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది.

"మేడం, ఫోనండీ" అన్నాడు డ్రైవరు.

"తెలుసు. ఇంట్లోవాళ్ళు."

"ఎత్తరా?"

"ఎత్తితే వడ్డించాలి" అంది ఆమె, చెయ్యెత్తి బస్సును పంపిస్తూ.