ముల్లంగి చేను పక్క సముద్రం

పే టేగున్‌కీ నో ఓక్జుకీ పెళ్లయి ఇంకా నెల తిరగలేదు. ఆయనకు అరవై ఐదు, ఆమెకు అరవై ఒకటి. వొన్జు ఊళ్లో ఓక్జుకు కూరలు, పచ్చళ్లు చేసి అమ్మే కొట్టుంది. అంతకుముందు ఏడాది వేసవిలో ఆ కొట్టులో పెద్ద ఫ్రిజ్ ఆగిపోతే బాగుచేయడానికి వచ్చిన మనిషి టేగున్. ఫ్రిజ్ ఆ పూటే బాగైంది. ఆయన మాత్రం ఏదో ఒక వంకతో వస్తూనే ఉన్నాడు. ఒకసారి తలుపు రబ్బరు చూడాలన్నాడు, ఇంకోసారి చప్పుడేమైనా వస్తోందా అన్నాడు.

"ఫ్రిజ్‌కేం, గుండ్రాయిలా ఉంది. మీకే ఏదో రిపేరు కావాల్సినట్టుంది" అని ఓక్జు అన్న రోజున ఇద్దరికీ సంగతి అర్థమైంది.

టేగున్ మొదటి భార్య మిరాన్ జబ్బు చేసి పోయి ఆరేళ్లయింది. ఓక్జు భర్త పోయి అంతకు రెండింతలైంది. పిల్లలు పెద్దవాళ్లై ఎవరి బతుకులు వాళ్లు బతుకుతున్నారు. అడ్డు చెప్పేవాళ్లు లేకపోవడంతో రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి, బంధువులకు భోజనం పెట్టి, పెళ్లయిందనిపించారు.

ఆ తరవాత టేగున్ ఒక పాత వ్యాన్ కొని ఇంటి ముందు పెట్టాడు. వెనక మంచం, గ్యాసు పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, అన్నీ తన చేతులతోనే బిగించాడు. "సముద్రాన్ని శరత్కాలంలో చూడాలి. వేసవిలో వెళ్తే మనుషులు తప్ప ఏమీ కనబడదు. మంచి మంచి తీరాలు నాకు తెలుసు, చూపిస్తాను రండి" అన్నాడు. పండగలకు తప్ప ఏనాడూ మూయని కొట్టుకు ఓక్జు తాళం వేసింది. అన్నాళ్లు వాటినేం చేయాలో తెలియక ఫ్రిజ్ నిండా ఉన్న పచ్చళ్లలో సగం వ్యాన్‌లోకి ఎక్కించింది.

మొదటి తీరంలో దేవదారు తోపు వెనక కుళాయి ఎక్కడుందో టేగున్‌కు తెలుసు. రెండో తీరంలో పొద్దు ఏ రాయి వెనక నుంచి పొడుస్తుందో కూడా తెలుసు. వ్యాన్ సరిగ్గా ఆ రాయికి ఎదురుగా నిలిపాడు. పొద్దున్నే తలుపు తీస్తే ఎర్రటి పొద్దు మంచం మీదికే వచ్చి కూర్చున్నట్టుంది. ఓక్జు దుప్పటి కప్పుకునే చాలాసేపు చూసింది.

"మీరు ఇక్కడే పుట్టి పెరిగినట్టున్నారే!" అంది మెచ్చుకోలుగా.

ఆయన నవ్వి పొయ్యి మీద నీళ్లు పెట్టాడు. ఇద్దరూ ఇంకా ఒకరినొకరు 'గారు' అనే పిలుచుకుంటున్నారు. ఏమండీ అనడానికి ఓక్జుకు నాలుక తిరగడం లేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఒక చిన్న రేవులో ఆగారు. పడవల పక్కన రేకుల షెడ్డులో చేపల పులుసు వండి పెట్టే ముసలమ్మ ఉంది. ఆమె కళ్లలో తెల్లగా పొర కమ్మింది. టేగున్ గొంతు వినగానే గరిటె అక్కడే వదిలేసి వచ్చేసింది.

"ఎవరూ, ఫ్రిజ్‌ల బాబేనా! ఇన్నేళ్లా రావడానికి? ఇదిగో, మా పిల్ల కూడా వచ్చిందే!" అంటూ ఓక్జు రెండు చేతులూ పట్టుకుంది. "ఒళ్లు చేశావమ్మా. అప్పుడు పుల్లలా ఉండేదానివి. ఇప్పుడే బాగున్నావు. కూర్చో, నీకు కారం పడదు కదా, నీ గిన్నె విడిగా కాస్తాను."

ఓక్జు టేగున్ వైపు చూసింది. ఆయన చేతిలో ఉన్న చెంచాను తెగ తుడుస్తున్నాడు.

"సరే పెద్దమ్మా" అంది ఓక్జు.

పచ్చిమిరపకాయ కొరుక్కోకుండా ముద్ద దిగని మనిషి, తెల్లటి చప్పిడి పులుసు గిన్నెడూ ఖాళీ చేసింది. ముసలమ్మ పక్కనే కూర్చుని, ఆమె మోకాలు నిమురుతూ, తినేదాకా కదల్లేదు.

వ్యాన్ ఎక్కి రోడ్డు మీదికి వచ్చాక ఓక్జు అడిగింది.

"కుళాయి, రాయి, పులుసు. అన్నీ ఆవిడతో వచ్చి చూసినవేనా?"

"డేరా వేసుకుని వచ్చేవాళ్లం... ప్రతి ఏడూ" అన్నాడు టేగున్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"రేపు వెళ్లబోయేది?"

"అది కూడా."

"అయితే నేనెందుకు వచ్చినట్టు? ఆవిడ చాప ఖాళీగా ఉందని కూర్చోబెట్టడానికా?"

"అలా అనకండి ఓక్జు గారూ. అందులో నా ఉద్దేశం..."

"ఉద్దేశాలు మడిచి జేబులో పెట్టుకో! పోయిన మనిషిని తలుచుకోవడం తప్పని నేనన్నానా? నా దగ్గర దాచడమెందుకయ్యా? ఆ ముసలావిడ నా చెయ్యి పట్టుకుని మాట్లాడుతుంటే నువ్వు చెంచా తుడుచుకుంటున్నావే, ఆ చెంచాకేం మురికి పట్టింది?" 'గారు' ఎటు పోయిందో ఆమె కూడా గమనించలేదు. "బండి ఆపు. నేను నడుపుతా."

"ఈ వ్యాన్ కొంచెం బరువు, మీకు అలవాటు..."

"తెల్లారకుండా మార్కెట్టు నుంచి క్యాబేజీ లారీ ఎవరు తోలుకొస్తారనుకున్నావు? దిగు."

టేగున్ దిగి ఇటు వచ్చి కూర్చున్నాడు. ఓక్జు దక్షిణానికి తిప్పి పోనిచ్చింది. పెద్ద రోడ్డు వదిలేసి, బోర్డు కూడా లేని ఒక సన్న దారి పట్టింది.

"అటేముందో తెలియదండీ" అన్నాడాయన నెమ్మదిగా.

"అందుకే వెళ్తున్నా."

దారి క్యాబేజీ, ముల్లంగి చేల మధ్య మెలికలు తిరిగి నాలుగిళ్ల పల్లెలోకి పోయింది. ఇళ్ల చూరుల కింద ఒలిచిన పండ్లు దండలు గుచ్చి ఎండగట్టారు. చివరింటి పక్కనే సముద్రం. అరచేతిలా వంగిన చిన్న తీరం, మనిషి జాడ లేదు. నీళ్లు ఒడ్డున పచ్చగా, లోపల నల్లగా ఉన్నాయి. ఆ అందం చూసి ఓక్జు బ్రేకు సంగతి మరచిపోయింది. వ్యాన్ గట్టి నేల దాటి ఇసుకలోకి దిగింది. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి, తిరిగినకొద్దీ కూరుకుపోయాయి.

'నేను చెప్పలేదా' అన్న మాట టేగున్ పెదవుల దాకా వచ్చి అక్కడే ఆగింది. ఆయన వంట మూకుడు తీసుకుని దిగి చక్రం దగ్గర తవ్వడం మొదలుపెట్టాడు. ఓక్జు మూత తీసుకుని రెండో చక్రం దగ్గర కూర్చుంది. తవ్విన ఇసుక తవ్వినట్టే జారి లోపలికి వస్తోంది. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అలాగే తవ్వుతూ పోయారు.

"ఇసకలోకి బండేటి తోలుకొచ్చినారు? బుర్రున్నోళ్లు సేసే పనేనా?" అన్న కేక వినబడింది.

చేను గట్టు మీద ఒకామె నిలబడి ఉంది. నెత్తికి పూల గుడ్డ, చేతిలో కత్తి. డెబ్బై ఏళ్లుంటాయి. పేరు బున్నం. ఆ చేను ఆమెదే.

"ట్రాక్టరేమైనా దొరుకుతుందా అక్కా?" అడిగింది ఓక్జు లేచి నిలబడి.

"ఉంది. ముల్లంగి మొయ్యడానికి పెట్టినాను. ఈ రేతిరికి చేల మీద మంచు పడతాదంట. పడితే నా పంటంతా మెత్తబడి పోద్ది. అది పీకినాకే నీ బండి సంగతి." బున్నం వాళ్లిద్దర్నీ పైనుంచి కిందిదాకా చూసింది. "ఊరికే ఇసక తవ్వేకన్నా వచ్చి ముల్లంగి పీకండి. బేగి తెములుద్ది."

ఓక్జు చేతులు దులుపుకుని చేనెక్కింది. ముల్లంగి సంగతి ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆకు దగ్గర పట్టుకుని, కొంచెం ఊపి, లాగి, పక్కన పడేస్తూ సాలు చివరిదాకా పోయింది. టేగున్ మొదటిదాన్నే రెండు చేతులా పట్టుకుని బలమంతా పెట్టి లాగాడు. ఆకులు ఊడి చేతికొచ్చాయి, ఆయన వెల్లకిలా పడ్డాడు.

"ఏటి బాబూ, ముల్లంగే నిన్ను పీకేసినట్టుంది!" అంది బున్నం.

ఓక్జు నవ్వకూడదనుకుంది. కాని ఆపుకోలేకపోయింది. "ఊపి లాగండి. బిగుసుకున్న మూత తిప్పినట్టు" అని చూపించింది.

కొంతసేపటికి ఆయన చెయ్యి తిరిగింది. ముగ్గురూ పీకడం, ఆకులు కోయడం, గోనెల్లో నింపడం. పక్కనే అలల చప్పుడు. మధ్యలో బున్నం ఒక ముల్లంగి చెక్కు తీసి ముక్కలు చేసి ఇచ్చింది. తియ్యగా, చల్లగా ఉంది.

"పెళ్లయి ఎన్నాళ్లయింది మీకు?" అడిగింది.

"నెల కూడా కాలేదక్కా."

బున్నం నమలడం ఆపేసింది. "నిజమే? ఇందాకట్నుంచి ఒకలి మొకం ఒకలు సూసుకోకుండా తవ్వుకుంటన్నారు. నలపయ్యేళ్ల కాపరం అనుకున్నాను!"

గోనెలన్నీ కట్టాక ఆమె ట్రాక్టరు తేవడానికి ఇంటికి వెళ్లింది. వాళ్లిద్దరూ గట్టు మీద కూలబడ్డారు. టేగున్ మోకాళ్లకు అంటిన మట్టి గోటితో గీకుతూ మాట్లాడాడు.

"ఆ తీరాలు మిరాన్‌వి కావు. ఆవిడకు సముద్రమంటే అంత ఇష్టం కూడా లేదు, నాకోసం వచ్చేది. నాకు తెలిసిన చోట్లు అవి తప్ప లేవు. మీరు ఎన్నడూ మూయని కొట్టు మూసుకుని వచ్చారు. తెలియని చోటికి తీసుకెళ్లి, అది బాగాలేకపోతే? ఇందుకా వచ్చిందని మీరనుకుంటే? అదీ నా భయం."

"దానికి దాచడమెందుకు?"

"చెబితే వేరే చోటికి పోదామంటారు. వేరే చోటు నాకు తెలియదు."

ఓక్జుకు కోపం చల్లారుతోంది. అది తనకే తెలుస్తోంది.

"మరి ఆ పెద్దమ్మతో ఎందుకు చెప్పలేదు?"

"అంత సంతోషంగా పరిగెత్తుకొచ్చింది. ఆ పిల్ల చచ్చిపోయిందని ఎలా అనను? నోరు పెగల్లేదు." ఆయన మళ్లీ మోకాలి మట్టి గీకాడు. "మీరు చప్పిడి పులుసు తాగుతుంటే చూస్తూ కూర్చున్నాను. దానికి నన్ను ఎంత తిట్టినా తక్కువే."

ఓక్జు ఆయన వీపు మీది మట్టి దులిపింది. "నేనూ చెప్పలేకపోయాను కదా. చెయ్యి అంత వెచ్చగా పట్టుకుంటే ఎవరు కాదనగలరు? కాని అది అలా వదిలేయకూడదండీ. ఆవిడ మిరాన్ మోకాలనుకుని నా మోకాలు నిమిరింది. రేపు వెనక్కి వెళ్లి చెబుదాం. మీరే చెప్పాలి."

టేగున్ తల ఊపాడు.

పొద్దు కొండల వెనక్కి వాలేలోపు బున్నం మోకు కట్టి వ్యాన్‌ను ఒక్క గుంజుతో గట్టు మీదికి లాగింది. "ఇంక బండి మీ ఆయనకియ్యి" అంది ఓక్జుతో. "ఇవ్వను" అంది ఓక్జు.

మర్నాడు మంచు నిజంగానే పడింది. ఖాళీ చేను తెల్లగా మెరిసింది. వాళ్లు మళ్లీ ఉత్తరానికి వెళ్లి రేకుల షెడ్డు ముందు ఆగారు. టేగున్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పెద్దమ్మా, నిన్న చెప్పాల్సిన మాట చెప్పకుండా వెళ్లిపోయాను. ఈవిడ మిరాన్ కాదు. మిరాన్ పోయింది. ఆరేళ్లయింది."

ముసలమ్మ బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. లోపల పొయ్యి మీద ఏదో పొంగిపోతున్నా లేవలేదు.

"ఆరేళ్లా" అంది చివరికి. "అందుకా రాలేదు. నేను రేవు అవతల కొత్త హోటలుకి మరిగారనుకుని రోజూ తిట్టుకున్నాను కదయ్యా." నడుముకు కట్టుకున్న గుడ్డతో కళ్లొత్తుకుంది. ఆ తరవాత ఓక్జు వైపు తల తిప్పింది. "మరి నువ్వెవరివే? నా గిన్నెడు పులుసూ తాగేశావు?"

"ఆకలేసింది పెద్దమ్మా" అంది ఓక్జు. ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. "ఆయన కొత్త పెళ్లాన్ని."

ముసలమ్మ చెయ్యి చాచి ఆమె మొహం తడిమి చూసింది, నుదురు, బుగ్గలు, గడ్డం. తొందరేమీ పడలేదు.

"అవును, వేరే మొహమే" అంది. "నీకు కారం ఎంత?"

"ఎంతుంటే అంత."

ఆ పూట ఎర్రటి పులుసు తాగి ఓక్జు ముక్కు చీదుకుంటూ మూడుసార్లు అడిగి వేయించుకుంది. మిరాన్ గురించి ముసలమ్మ చెప్పింది, టేగున్ చెప్పాడు, ఓక్జు విన్నది. పుల్లలా ఉండేదట, పేకాటలో మోసం చేసేదట. ఓక్జుకు ఆ మనిషి కొంచెం నచ్చింది కూడా.

అక్కణ్ణుంచి దక్షిణానికి పోయారు. బున్నం పల్లె దాటారు, టేగున్ ఎరిగిన తీరాలన్నీ దాటారు. సాయంత్రానికి ముసురు పట్టింది. ఓక్జుకు నిద్ర వస్తుంటే ఆయన నడుపుతున్నాడు. దారి చీలిన చోట ఒక్క క్షణం ఆలోచించి, ఎవర్నీ అడక్కుండా ఎడమకు తిప్పాడు.

దారి చివర గులకరాళ్ల ఒడ్డు. చిరిగిన వలలు, సీసాలు కొట్టుకొచ్చి పడున్నాయి. ఇసుక లేదు, కుళాయిలో నీళ్లు లేవు, గాలి మాత్రం వ్యాన్‌ను ఊపేస్తోంది. టేగున్ ఇంజను ఆపి భార్య మొహంలోకి చూశాడు.

"బాగాలేదు కదూ?"

ఓక్జు అద్దం తుడిచి అటూ ఇటూ చూసింది. "ఘోరంగా ఉందండీ" అంది, ఎంతో తృప్తిగా. "ఇంత అన్యాయమైన చోటు నా జన్మలో చూడలేదు."

ఇద్దరూ పడిపడి నవ్వారు. వాన జోరందుకునేలోపు ఆయన గొడుగు పట్టుకుని దిగి వ్యాన్ పక్కకు గుడ్డ పందిరి లాగి కట్టాడు. ఆమె పొయ్యి వెలిగించి అన్నానికి ఎసరు పెట్టింది. ఉడికేలోపు కుర్చీలు బయట వేసుకుని, రాళ్లను ఈడ్చుకుంటూ వెనక్కి పోయే అలల గరగర వింటూ కూర్చున్నారు.