గురవయ్య బండికి కొత్త పంపు

నాకు చదువు ఆలస్యంగా వచ్చింది. ఒత్తులు ఎక్కడన్నా తప్పితే సర్దుకుని చదువుకోండి. నిదానంగా రాసే చెయ్యి కాబట్టి కథ కూడా నిదానంగానే నడుస్తుంది.

మాచర్లలో ఇంటింటికీ మంచినీళ్ళ డబ్బాలు వేసే గురవయ్యకు ఒక బండి ఉంది. ముందు సగం పాత మోటారు సైకిలు, వెనక సగం రెండు చక్రాల తొట్టి. డబ్బాలు ఎక్కువ పట్టాలని పెట్రోలు ట్యాంకును సీటు కిందికి దించి కట్టించాడు. ట్యాంకు కిందికి పోయాక పెట్రోలు తనంతట తాను ఇంజనుకు అందదు. ఇంజను గాలి పీల్చుకునే ఊపుకు ఆడే చిన్న పంపు ఒకటి దాన్ని పైకి తోడుతుంది. గురవయ్య ఆ పంపును ఎప్పుడూ పట్టించుకోలేదు. ఎండాకాలం మొదలైనప్పటి నుంచి పెట్రోలు మాత్రం రెండింతలు అయిపోతోందని గమనించాడు.

బండి తోలేది ఐజాజ్. వెనక వీధిలో మిషను కుట్టే జాన్‌బీ కొడుకు. ఊహ తెలిసినప్పటి నుంచి గురవయ్యను మామా అనే పిలిచేవాడు.

ఒకరోజు పొద్దున టీకొట్టు ముందు అందరూ ఉండగానే గురవయ్య వాణ్ణి నిలదీశాడు.

"ఏందిరా, బండి తాగతందా, నువ్వు అమ్ముకుంటన్నావా?"

"అట్టంటావేంది మామా? పొగ నల్లగా వస్తందని నీకు చెప్పలా? మెకానిక్కు సుభానీ అన్నకు చూపిద్దామన్నా గదా."

"పొగ కబుర్లు చెప్పమాక. నిజమైతే మీ అమ్మ నెత్తిన చెయ్యేసి చెప్పు."

జాన్‌బీని పిలిపించారు. కుడుతున్న జాకెట్టు చేతిలో పట్టుకునే వచ్చిందామె. ఐజాజ్ ఆమె తల మీద చెయ్యి పెట్టి, చుక్క పెట్రోలు కూడా తియ్యలేదని చెప్పాడు. అక్కడితో అయిపోవాల్సిన మాట. అయినా గురవయ్య తాళంచెవి లాక్కున్నాడు.

ఆ వారంలోనే జాన్‌బీకి జ్వరం వచ్చింది. ఆ సంగతి వినగానే గురవయ్య టీగ్లాసు దించి, "చూశారా, దొంగ ప్రమాణం ఊరికే పోయిద్దా?" అన్నాడు. ఆ మాట టీకొట్టు దాటి ఊరంతా తిరిగింది. దాణా కొట్టు అమరేశ్వరరావు తన ఆటోకు ఐజాజ్‌ను పెట్టుకుందామనుకున్నవాడు మానుకున్నాడు. ఐజాజ్ పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో బస్తాలు మోయడానికి పోయాడు.

ఇక గురవయ్యే బండి తోలుకున్నాడు. మొదటి ట్యాంకుకే అతనికి సంగతి తెలిసిపోయింది. తాళం తన జేబులోనే ఉంది, బండి తన వాకిట్లోనే ఉంది, పెట్రోలు మాత్రం ఎప్పటిలాగే మాయమైంది. వెనక్కి తిరిగి చూస్తే నల్లటి పొగ. ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఇంకో ట్యాంకు పోయించాడు, ఆ తర్వాత ఇంకొకటి. చివరికి ఎత్తు ఎక్కుతూ బండి ఆగిపోతే సుభానీ షెడ్డుకు నెట్టుకుపోయాడు.

సుభానీ పంపు విప్పి, లోపలి రబ్బరు బిళ్ళను వెలుతురుకు పట్టుకున్నాడు. సన్నని చీలిక.

"ఇదిగో దొంగ. ఇందులోంచి పెట్రోలు గాలి పైపులోకి పోయి, అడ్డదోవన ఇంజన్లో పడతంది. అందుకే ఆ పొగ."

"కొత్త బిళ్ళ ఎయ్యి."

"ఏస్తే మళ్ళీ చిరిగిద్ది. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు దీనికి ఊపు కూడా చాలదు. కరెంటు పంపు పెడతా, బ్యాటరీ మీద ఆడిద్ది."

పాత పంపు తీసి, ఇంజనుకున్న గాలి కన్నం మూసేసి, కొత్తది బిగించి తాళానికి కలిపాడు. తాళం తిప్పగానే పంపు టకటకమని కొట్టుకుంది.

"సుభానీ, ఈ సంగతి పిల్లోడికి నువ్వు చెప్పరాదూ?"

"నేను చెబితే మావాణ్ణి ఎనకేసుకొచ్చానంటారు. బజార్లో అన్నది నువ్వు. నువ్వే చెప్పుకో."

మర్నాడు టీకొట్టు దగ్గర తాళం తిప్పేసరికి అందరూ తలలెత్తారు.

"ఏందయ్యోయ్, బండికి గుండె పెట్టించావా?"

"బలం కోసం కరెంటు పంపు ఏయించా," అన్నాడు గురవయ్య.

"ఆ దొంగ సచ్చినోడు పోయాక బండికి మంచి రోజులొచ్చినయ్," అని ఎవరో నవ్వారు.

గురవయ్య కూడా నవ్వాడు. నవ్వు పూర్తికాకముందే టీ చేదెక్కింది. గ్లాసు సగంలో వదిలేసి తిన్నగా వెనక వీధికి పోయాడు.

జాన్‌బీ మిషను ఆపలేదు. గురవయ్య గడప బయటే నిలబడి, తల ఎత్తకుండా అంతా చెప్పాడు.

"పెట్రోలు మాట అట్టుంచన్నా," అంది ఆమె. "నా బిడ్డ నా నెత్తిన చెయ్యేశాడు. నాకు జరమొస్తే వాడు నా మంచం కాడ కూకోని, నా వల్లేనా అమ్మా అని ఏడిశాడు. దొంగతనం చెయ్యనోడికే తన మీద తనకు అనుమానం పుట్టించావు నువ్వు."

ఆమె దారం తెంపి మళ్ళీ అంది.

"నా గడప కాడ గొణిగితే నాకేమొచ్చిద్ది? అమరేశ్వరరావు గారి కొట్టుకు పో."

దాణా కొట్టులో బేరాలు జోరుగా ఉన్నాయి. గురవయ్య తక్కెడ పక్కన నిలబడి, పోరగాడు తియ్యలేదు, పంపులో బిళ్ళ చిరిగింది అని చెప్పాడు. అమరేశ్వరరావు చేతిలోని గంప దించాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నేను తోలిన మొదటి ట్యాంకుకే."

"మరి ఇన్నాళ్ళూ ఏం చేశావు?"

కొట్టులో ఉన్నవాళ్ళంతా అతని మొహం వంక చూశారు. గురవయ్య తన చెప్పుల వంక చూసుకున్నాడు.

అమరేశ్వరరావు అప్పటికప్పుడు ఐజాజ్‌కు ఫోను కలిపి, సంగతి చెప్పి, స్పీకరు పెట్టాడు. బట్టీల రొదలోంచి ఐజాజ్ గొంతు వినపడింది.

"జరం మాట కూడా తప్పని చెప్పాడా?"

గురవయ్య ఫోను దగ్గరికి జరిగాడు. "అదే పెద్ద తప్పురా. మీ అమ్మ జరానికీ నీ ప్రమాణానికీ సంబంధం లేదు. అందరి ముందరే చెప్తన్నా."



"అమరేశ్వరరావు గారూ, సోమారం నుంచి మీ ఆటోకు వస్తా," అన్నాడు ఐజాజ్. "గురవయ్య గారి బండికి మాత్రం రానని చెప్పండి."

ఫోను ఆగిపోయింది. గురవయ్య గారు. వాడి నోట ఆ పిలుపు అదే మొదలు. అమరేశ్వరరావు మళ్ళీ గంప అందుకున్నాడు, బేరాలు సాగాయి. గురవయ్య బయటికొచ్చి, బండిలోంచి ఆ వీధిలో వెయ్యాల్సిన డబ్బాను భుజానికెత్తుకుని నడిచాడు.

తేళ్ళ పిచ్చమ్మ, అరవై ఎనిమిదేళ్ళు, ఇప్పుడు ఉంటున్నది శావల్యాపురంలో.