పెట్రోల్ ట్యాంకు మూత

"కిడ్నీ దొరికిందమ్మా. మీ ఆయన్ని సాయంత్రంలోగా తీసుకురండి. ఆలస్యమైతే వరుసలో తర్వాతివాళ్లకి వెళ్లిపోతుంది."

పెద్దాసుపత్రి నుంచి ఆ ఫోన్ వచ్చినప్పుడు దర్జీ ఆవిడ చొక్కాకి కాలరు కుడుతోంది. సూది కింద బట్ట అలాగే వదిలేసి లోపలికి పరుగెత్తింది. ఏళ్ల తరబడి డయాలసిస్ మీద నెట్టుకొస్తున్న ఆమె భర్త, డ్రాయింగు మాస్టారు, గోడ పట్టుకుని లేచాడు. "నిజంగానా?" అని ఒక్క మాటే అడగగలిగాడు.

ఆసుపత్రి కొండ అవతలి నగరంలో ఉంది. బస్సు పొద్దున్నే వెళ్లిపోయింది. టాక్సీవాళ్లు అంత దూరం రామన్నారు. ఇక దిక్కల్లా వాకిట్లో ఉన్న వాళ్ల పాత కారే. అందులో పెట్రోలు వీధి చివర బంకు దాకా వస్తే గొప్ప.

ట్యాంకు మూత తాళం కొన్నాళ్లుగా మొరాయిస్తోంది. బంకు దగ్గర అవస్థ పడకూడదని ఇంటిదగ్గరే తీసి చూడబోయింది. కంగారులో గట్టిగా తిప్పింది. టక్కుమంది. తాళంచెవి సగం చేతిలో, సగం మూతలో.

"అయిపోయింది" అంది, అక్కడే చతికిలబడి.

"కాలేదు. స్క్రూడ్రైవర్ తే" అన్నాడు మాస్టారు మెట్టు మీద నుంచి. లేచి తనే రాబోయి, కళ్లు తిరిగి కూర్చుండిపోయాడు.

ఆమె మూత అంచులో స్క్రూడ్రైవర్ దూర్చి పళ్లు బిగబట్టి ఎత్తింది. అది జారి అరచెయ్యి చీరేసింది. చేతికి గుడ్డ చుట్టుకుని మళ్లీ దూర్చింది. పైచిప్ప పెళపెళ విరిగింది. లోపలి భాగాన్ని పటకారుతో పట్టి, ఉన్న బలమంతా పెట్టి తిప్పితే చివరికి కదిలింది. ముక్కలు ముక్కలుగా ఊడివచ్చింది. కానీ ఇప్పుడు ట్యాంకు నోరు తెరుచుకుని ఉంది, పెట్టడానికి మూత లేదు.

"గుడ్డ కుక్కి పోదాం" అంది.

"కొండ మలుపుల్లో పెట్రోలు ఒలికిపోదూ?"

అలాంటి కారే పక్కింటి మంగలికి ఉంది. ఇంజిన్ పాడై నెలల తరబడి షెడ్డులోనే పడి ఉంది. కానీ కారు ఎవరి గుమ్మం ముందు పెట్టాలన్న గొడవలో ఆ గుబురుమీసాల మనిషిని ఆమె నోటికొచ్చినట్టు తిట్టింది. అప్పట్నుంచి రెండిళ్ల మధ్య మాటల్లేవు.

రక్తపు చేత్తోనే వెళ్లి తలుపు బాదింది.

"అన్నయ్యా, నా మీద కోపం రేపు తీర్చుకో. ఇవాళ నీ కారు మూత ఇయ్యి. ఈయన బతకాలి."

సంగతంతా విన్నాక అతను షెడ్డులోకి వెళ్లి మూత విప్పి తెచ్చాడు. తీరా బిగిస్తే పట్టలేదు. ఎటు తిప్పినా వదులుగా తిరిగిపోతోంది.

"ఇదీ కాదా!" అంది ఆమె.

మంగలి వంగి ట్యాంకు నోటి చుట్టూ వేలితో తడిమాడు. పాత మూత రబ్బరు రింగు అంచుకి అతుక్కునే ఉంది. గోటితో గీరి గీరి ఊడదీసి మళ్లీ బిగించాడు. మూత టిక్కుటిక్కుమంటూ బిగుసుకుంది.

"ఆ చేత్తో స్టీరింగేం పడతావు చెల్లెమ్మా? వెనక కూర్చుని మాస్టార్ని పట్టుకో. నేను తోలతాను."

బంకులో పెట్రోలు పోయించుకుని కొండెక్కారు. పైన రాళ్లు విరిగిపడి, ఒక్క బండి పట్టేంత దారే మిగలడంతో బళ్లన్నీ ఆగిపోయాయి. మంగలి దిగి, కనిపించిన ప్రతి డ్రైవరునీ బతిమాలి దారి ఇప్పించాడు. వాళ్లు ఆసుపత్రి మెట్లెక్కేటప్పటికి పొద్దు గుంకింది. "ఇంకొకరికి ఫోన్ చెయ్యబోతున్నాం" అంటూనే నర్సు మాస్టార్ని చక్రాల కుర్చీలో లోపలికి తోసుకుపోయింది.

తెల్లారాక డాక్టరమ్మ బయటికొచ్చి, మాస్కు కిందకి లాగి చెప్పింది:

"కొత్త కిడ్నీ పని మొదలెట్టింది. మూత్రం బాగా వస్తోంది."

ఆ మాటకి దర్జీ ఆవిడ అందరి ముందూ భోరుమంది. పక్క బల్ల మీద కునికిపాట్లు పడుతున్న మంగలి ఉలిక్కిపడి లేచి, "ఏమైంది? ఏమైంది?" అన్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని, "పనిచేస్తోందన్నయ్యా" అంటూ తల ఊపింది.