గజం నీళ్లలో గజ ఈతగాడు

కుందేళ్లవాగులో నీళ్లు కనబడి నాలుగేళ్లయింది. అయినా సర్కారు ఆఫీసు పటంలో అది నీలిరంగు గీతగానే ఉంది. ఎండలకు తాళలేక జనం ఈతకు దిగి ప్రాణాల మీదికి తెచ్చుకుంటారని, ఈ మే నెలలో ఆ గీతకు కూడా ఒక గజ ఈతగాడిని కాపలా పెట్టారు. ఆ గజ ఈతగాడు బాలేష్. అతనికి ఈత రాదు.

రాదు గనకే ఒప్పుకున్నాడు. శామీర్‌పేట చెరువు దగ్గర వేస్తామంటే దండం పెట్టి వచ్చేసేవాడు. అలియాబాద్ దాటాక ఇసుక తప్ప మరేమీ లేని ఈ వాగులో మునిగేదెవరు, తీసేదెవరు? నారింజరంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని, మెడలో విజిల్ వేసుకుని తుమ్మచెట్టు కింద కూర్చోవడమే పని. గంటకోసారి ఇసుకను ఫొటో తీసి 'ఎవరూ మునగలేదు' అని వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. పెట్టేవాడు. అందులో అబద్ధం ఏమీ లేదు.

అబద్ధమంతా ఇంట్లో ఉంది. మా బాపు గజ ఈతగాడని పదేళ్ల కూతురు శ్రీలేఖ వాడకట్టంతా చెప్పి వచ్చింది. నాకూ నేర్పమని వెంటపడింది. "వాగు నిండనీ బిడ్డా" అంటూ దాటేస్తున్నాడు. పిల్ల తనను కళ్లింత చేసుకుని చూడటం అతనికి ఇదే మొదటిసారి. పని పోయినా ఫర్వాలేదు గానీ, ఆ చూపు పోతే ఎలా అన్నదే బాలేష్ బెంగ.

సోమవారం గ్రూపులో కబురొచ్చింది. గజ ఈతగాళ్లు ఎవరి కాపలా చోట వాళ్లు ఈది చూపించాలట. బుధవారం సూపర్‌వైజర్ రాకేష్ వస్తాడట. బాలేష్ వెంటనే ఫోన్ చేశాడు.

"సారూ, గీడ నీళ్లు లెవ్వు."

"లేకుంటె శామీర్‌పేట చెరువుకు రా. అందరి ముంగట దుంకుదువు."

బాలేష్ ఫోన్‌కే దండం పెట్టాడు. "వద్దు సారూ. గీడనే ఏమన్న జేస్త."

ఆ వాగులో నీటిజాడ తెలిసిన మనిషి రుఖియమ్మ ఒక్కతే. అరవై దాటిన ఆమె రోజూ మేకలను తోలుకొచ్చి, ఇసుక తోడి చెలిమ తీసేది. అందులో ఊరిన నీళ్లు మేకలకు తాపి, మిగిలినదాంట్లో పాదాలు పెట్టుకుని కూర్చునేది. బాలేష్ వెళ్లి ఆమె ముందు చేతులు కట్టుకున్నాడు.

"రుఖియమ్మా, చెలిమ జర పెద్దగ తియ్యరాదు. నేను ఈత కొట్టాలె."

"ఎంత పెద్దగ?"

అతనికేం తెలుసు? పుట్టినకాడినుంచి చుట్టూ ప్లాట్ల బేరాలే వింటున్నాడు. "గజం సాలు. నేను గజ ఈతగాణ్ణి గద."

"గజమంటె ఏనుగనుకున్న బేటా," అంది రుఖియమ్మ పరేషానై. "గజం జాగనా?"

ఇద్దరూ రెండు రోజులు తవ్వారు. గజం పొడవు, గజం వెడల్పు, మోకాలి లోతు నీళ్లు తేలాయి.

బుధవారం నలభై నాలుగు డిగ్రీల ఎండలో రాకేష్ దిగాడు. వద్దన్నా వినకుండా శ్రీలేఖ కూడా వచ్చింది. రాకేష్ టేపు తీసి గుంటను కొలిచాడు. "గజం కరెక్టుగుంది. గజ ఈతంటె గిదే గావొచ్చు," అని ఫోన్‌లో వీడియో పెట్టాడు. "ఇగ దుంకు."

లైఫ్ జాకెట్‌తో గుంటలో పట్టనని బాలేష్ దాన్ని విప్పి గట్టున పెట్టాడు. కూతురిని ఒకసారి చూసి, కళ్లు గట్టిగా మూసుకుని బోర్లా పడ్డాడు. ముక్కులోకి నీళ్లు, నోట్లోకి ఇసుక పోయాయి. పట్టుకుందామంటే గట్టు జారింది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే ఆకాశమేదో అడుగేదో తెలియలేదు. చచ్చిపోతున్నానని నిజంగానే అనుకున్నాడు.

"స్పీడు మస్తుంది," అంటూ రాకేష్ వీడియో తీస్తూనే ఉన్నాడు.

రుఖియమ్మ కొంగు నడుముకు చుట్టి దిగి, బాలేష్ జుట్టు పట్టుకుంది. "నిలవడు బేటా. నిలవడితే సాలు."

నిలబడ్డాడు. నీళ్లు మోకాళ్ల దగ్గరున్నాయి.

అతను దగ్గుకుంటూ గట్టెక్కాడు గానీ ఆమె ఎక్కలేదు. కాళ్లు గట్టు మీదికి చాపి, వెల్లకిలా వాలి, చెంపల దాకా నీళ్లలో తేలింది. పెళ్లికి ముందు ఈ వాగును ఒడ్డు నుంచి ఒడ్డుకు ఈదిన మనిషి. "యా అల్లా, ఎంత సల్లగుంది," అంది కళ్లు మూసుకుని. ఒళ్లంతా ఇసుకతో నిలబడ్డ బాలేష్‌కు అసూయ పుట్టింది.

రాకేష్ ఫారం నింపాడు. మునిగినవారు: బాలేష్. తీసినవారు: రుఖియా బీ. "ఈ వాగు డేంజరే. పోస్టు ఉండాలె," అని తేల్చి, లైఫ్ జాకెట్ ఆమె చేతికిచ్చాడు. వెళ్లిపోబోతున్న బాలేష్‌ను ఆపాడు. "నువ్వెటు? నువ్వు సుత రోజు రావాలె. మునిగెటోడు లేకుంటె తీసెటోళ్లు ఎందుకని పైనోళ్లు అడుగుతరు."

ఇంటిదారిలో శ్రీలేఖ అడిగింది.

"బాపూ, నీకు ఈత రాదా?"

"రాదు బిడ్డా." అనేశాక గుండె మీది బరువు దిగింది గానీ, పిల్ల ముఖం చూసే ధైర్యం చాలలేదు.

"మరెందుకు దుంకినవ్?"

"నువ్వు సూస్తున్నవని."

శ్రీలేఖ కాస్త ఆలోచించింది. "నేనైతె నీళ్లల్ల కండ్లు తెరుస్త," అని అతని చెయ్యి పట్టుకుంది.

మర్నాడు రుఖియమ్మ నారింజ జాకెట్ వేసుకుని గట్టున కూర్చుంది. గుంటలో ఒక్కరికే చోటు, అందుకని శ్రీలేఖ ఆమె పక్కనే కాచుకుని ఉంది. బాలేష్ బోర్లా పడుకుని, కళ్లు తెరిచి, కాళ్లాడిస్తున్నాడు. విజిల్ మోగింది.

"లే బేటా, నీ వంతయింది," అంది రుఖియమ్మ. "పొల్ల దిగాలె."