బిందెల్లో ఎండ

నగరిలో మా సుబ్బులమ్మత్త పొద్దున్నే తలకు పోసుకొని, దేవుడి దగ్గర దీపం పెట్టి, మిద్దెమీద వడియాలు పెట్టేది. సాయంత్రం వడియాలతోబాటు ఎండను కూడా ఎత్తి, ఇత్తడి బిందెల్లో నింపి, మూతికి గుడ్డ కట్టేది. కరెంటు పోయినప్పుడు ఒక చెంబెడు మోటారులో పోస్తే ఇంట్లోని రెండు మరమగ్గాలూ పొద్దుగూకేదాకా ఆడేవి. ఇరుగుపొరుగు మజ్జిగ అడిగినట్టే గ్లాసెడు అడిగి తీసుకుపోయేవాళ్ళు.

డెబ్బై తొమ్మిదిలో బొగ్గు రాలేదని నెలకు ఇరవై రోజులు కరెంటు తీసేసినారు. ఊళ్ళో మగ్గాలన్నీ ఆగినాయి, అత్తవి తప్ప. అది విని ఇంధనాల ఆఫీసు అధికారి కృష్ణమూర్తి వచ్చినాడు. బిందెలోకి తొంగి చూసి మొహం చిట్లించినాడు.

"దీంట్లో బొగ్గు యాడుండాది?"

"ఎండలో బొగ్గెందుకుంటాది సామీ?" అనింది అత్త.

"దేశం బొగ్గుతోనే నడవాలని ముప్పై ఏండ్ల కిందటే చట్టం రాసిపెట్టినారమ్మా. గనులు, రైళ్ళు, గోదాములు, మేము... ఇంతమందిమి దాన్ని నమ్ముకోనుండాము. నీ ఎండను ఏ కాగితంలో రాసేది?"

"ఎండ సంగతి సూసేదానికి కమిటీ వేసినారంట గదప్పా?" అన్నాడు అత్త కొడుకు చెంగల్రాయుడు.

"వేసినారు. కరెంటు లేక మీటింగు జరగలేదు."

నవ్వకుండానే చెప్పినాడు, మహానుభావుడు. మగ్గాలకు లక్క సీలు వేసి, ఏడు బిందెలూ జీపులో ఎత్తుకొనిపోయినాడు. నెలలోపల బొగ్గు వాడినట్టు రుజువు చూపకుంటే మగ్గాలు వేలమే. ఆ ఇంటికి వేరే కూడు లేదు.

అడుగున ఎక్కడో బొగ్గు దాచే ఉంటారని, ఆయన రికార్డు గదిలో ఏడు బిందెలూ బోర్లించి చూసినాడు. రంగు అద్దిన నూలు ఎండకు వెలిసిపోతుందని, నీడలోనే ఆరబెట్టాలని మగ్గమున్న ఇంట్లో చంటిబిడ్డకు కూడా తెలుసు. అంత చదివినాయనకు తెలీదు. ఎండ గదంతా పారింది. పదిరోజులకు సీలు ఉత్తర్వు, వేలం నోటీసు, ఆయన సర్వీసు పుస్తకం అన్నీ ఉతికిన పంచెల్లా తెల్లబడినాయి. బొగ్గు చట్టానికి మాత్రం ఏమీ కాలేదు. దాని అసలు ప్రతి ఢిల్లీలో, చీకట్లో భద్రంగా ఉంది.

కాగితమే లేనప్పుడు కేసెక్కడిది? అత్త ఖాళీ బిందెలు తెచ్చుకొని, అట్లకాడతో లక్క గీకేసి, మళ్ళీ ఎండ పట్టి మగ్గాలు ఆడించింది. పుస్తకంలో పేరు లేని కృష్ణమూర్తికి జీతం ఆగింది. ఆయన కుర్చీలోకి కొత్తగా వచ్చినాయన, "నీవెవరబ్బా?" అని అడిగినాడంట. తిరిగి తిరిగి మా అత్త గడప ముందరే వచ్చి నిలబడినాడు.

"కూసో సామీ," అని అత్త నూలు కండెలు చుట్టే రాట్నం ఆయన ముందుకు జరిపింది.

ఆరేండ్లు ఆ ఎండతో ఆడిన మగ్గాల కూడే తిన్నాడు. కండెలు చుడతా, వచ్చినోళ్ళకంతా చెప్పేవాడు: "ఏమన్నా అనండి, బొగ్గు లేందే దేశం నడవదు."