డబ్లిన్‌లో తూర్పు గుమ్మం

నేను ఒక ఇత్తడి దిక్సూచిని. అరచేతిలో ఇమిడిపోయే ఒళ్ళు, పైన మూత, లోపల ఒక ముల్లు. పుట్టింది సర్వే పరికరాలు చేసే రూర్కీలో. బొబ్బిలి చుట్టుపక్కల పొలాలు కొలిచిన ఒక సర్వేయరు గారి జేబులో ముప్పై ఏళ్ళు తిరిగి, ఆయన తర్వాత కొడుకు చేతికి వచ్చాను. ఆ కొడుకు దక్షిణ గుమ్మం ఉన్న అద్దె ఇంట్లో దిగిన ఏడాదికే గుండె ఆగి పోయాడు. తప్పు గుండెదో గుమ్మానిదో నన్నెవరూ అడగలేదు. పన్నెండేళ్ళ మనవడు భానోజీ మాత్రం గుమ్మానిదేనని తేల్చేసుకున్నాడు.

ఆ భానోజీయే పెద్దవాడై, ఉద్యోగం మీద భార్య హేమలతతో, ఎనిమిదేళ్ళ కూతురు తన్వితో డబ్లిన్ వచ్చాడు. ఫోను చూపించే దిక్కుల మీద నమ్మకం లేదు కాబట్టి నన్నూ బట్టల మధ్య పెట్టి తెచ్చాడు. కంపెనీ ఇచ్చిన గదిలో ఇరవై ఎనిమిది రోజులే ఉండనిస్తారు. ఈలోగా అద్దె ఇల్లు దొరకాలి. ఇంటి చిరునామా చూపిస్తే గానీ తన్వికి బడిలో సీటు ఇవ్వరు.

అక్కడ ఇల్లు చూడటమంటే మన రేషను షాపు ముందు నిలబడటమే. వానలో ముప్పై మంది వరస కడతారు, లోపల తిరగడానికి పది నిమిషాలు. అందరూ హీటరు చూస్తారు, గోడల చెమ్మ చూస్తారు. భానోజీ గుమ్మంలో నిలబడి నా మూత తీస్తాడు. గ్యాసు లీకు పట్టే పరికరం అనుకుని ఏజెంట్లు కంగారుపడేవారు. ఇద్దరు యజమానులు ఇల్లు ఇస్తామన్నారు. రెండింటికీ దక్షిణ గుమ్మమే. నేను ఉన్నమాట చెప్పాను, అతను చేతికొచ్చిన ఇళ్ళను కాలదన్నుకున్నాడు.

ఒక సాయంత్రం తన్వి నాతో ఆడుకుంటూ, "అమ్మా, ఈ ముల్లు నీ బ్యాగు వెంటే తిరుగుతంది!" అంది. హేమలత బ్యాగు మూతకు అయస్కాంతం ఉంది. "ముట్టీకు, నాన్నగారు కోప్పడతారు" అంటూ ఆవిడ నన్ను లాక్కుంది. కానీ చాలాసేపు నా వంకే చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

ఇరవై ఆరో రోజున మరో ఇల్లు చూశారు. బడి పక్క వీధిలోనే ఉంది. ఇంటావిడ తన్విని చూడగానే మీకే ఇస్తానంది. సూర్యుడు ఉంటే దిక్కు ఇట్టే తెలిసిపోయేది గానీ, ఆ ఊళ్ళో ఆయన కనపడితే కదా! భానోజీ గుమ్మంలో వీధి వైపు తిరిగి నన్ను తెరిచాడు. ఇదీ దక్షిణమే. నా ముల్లు అతని పొట్ట వైపు తిరగబోతుండగా హేమలత వచ్చి అతని ఎడమ పక్కన ఆనుకుని నిలబడింది, బ్యాగు నా దగ్గరగా ఎత్తి పట్టుకుని. ఎంత బిగపట్టినా ఉత్తరం చూపాల్సిన నా ముల్లు ఎడమకే పోయింది. ఉత్తరం ఎడమనుంటే ఎదుటిది తూర్పే కదా.

"తూర్పే హేమా! తీసీసుకుందాం!" అన్నాడు భానోజీ, కళ్ళనీళ్ళతో.

"అలాగేనండీ," అంది ఆవిడ.

పాలు పొంగించారు. తన్వి బడిలో చేరింది. హేమలతకు మాత్రం మనశ్శాంతి పోయింది. భర్త దగ్గినా చాలు, పరుగున వచ్చి గుండె మీద చెయ్యి వేసి చూసేది. దిక్కుల మీద నమ్మకం లేని మనిషే, మాట దాచిన నాటి నుంచి భయపడటం మొదలుపెట్టింది. ఆ అబద్ధంలో నాకూ వాటా ఉంది. పొలం గట్ల దగ్గర ఎన్నో తగాదాలు తీర్చినదాన్ని, సిగ్గుతో చచ్చిపోయాను.

నాలుగో నెలలో ఒక ఆదివారం మబ్బు విడిపోయింది. భానోజీ వీధి తలుపు తీశాడు. ఎండ సూటిగా మొహాన కొట్టింది. గడియారం చూసుకున్నాడు, పన్నెండున్నర. ఆ దేశంలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి రాడు, దక్షిణాన నిలబడతాడు. ఆ సంగతి సర్వేయరు మనవడికి ఒకరు చెప్పాలా? గబగబా వచ్చి నన్ను తీసుకెళ్ళి గుమ్మంలో తెరిచాడు. ఈసారి పక్కన ఎవరూ లేరు. నిజం చెప్పేశాను.

వెనక్కి తిరిగితే హేమలత నిలబడి ఉంది, మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆవిడ పక్కన గోడకు తన్వి బడిసంచి వేలాడుతోంది. భానోజీ ఆ సంచి వంక చూస్తూ ఉండిపోయాడు. తరవాత నా మూత నెమ్మదిగా మూశాడు.

"తూర్పు ఎండ ఎంత బాగుందో చూడు, హేమా," అన్నాడు. "కుర్చీలు ఇలాగ తెచ్చీ, కూర్చుందాం."

ఆవిడ బావురుమంది.

ఇప్పుడు నేను వంటింటి సొరుగులో, ఫ్రిజ్‌కి అతికించే అయస్కాంతపు బొమ్మల పక్కన ఉంటున్నాను. నా ముల్లు ఎటు పడితే అటు తిరుగుతుంది. ఎవరడిగినా, ఆ ఇంటి గుమ్మం తూర్పే అంటాను.