నుదుటి మీది కెమెరా

గాజు బల్ల మీద రెండు కెమెరాలు పెట్టి, ఇక మీ ఇష్టం అన్నట్టు చేతులు కట్టుకున్నాడు దుకాణాదారు. ఒకటి నిరుటి మోడల్, అరచేతిలో ఇమిడిపోయే బుల్లి కెమెరా. నీళ్ళు చొరకుండా దాన్ని పెట్టుకునే డబ్బా సబ్బుపెట్టెంత ఉంది. రెండోది ఎవరో వాడి అమ్మేసిన పెద్ద కెమెరా. దాని అల్యూమినియం డబ్బా, హౌసింగ్ అంటారట, కుక్కరంత ఉంది. రెండు పక్కలా పిడులు, ఒళ్ళంతా మీటలు.

మొగుడు పెద్దదాని మీంచి చూపు తిప్పుకోవడం లేదు. పెళ్ళిలో నాకేసి కూడా ఇంతసేపు చూడలేదే అని కొత్త కోడలు లోలోపల ఉడుక్కుంది. ఆ వెంటనే నవ్వుకుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమెకి దేన్ని చూసినా నవ్వే. పొద్దున్నే ఇద్దరి బ్రష్షులూ ఒకే గ్లాసులో ఒకదాని మీదొకటి వాలి ఉన్నా సరే.

"దీంతో సినిమా తీసెయ్యొచ్చు సార్," అన్నాడు దుకాణాదారు. "కాకపోతే హౌసింగ్ విడిగా కొనాలి. కెమెరా కంటే అదే కాస్త ఖరీదు."

"పాపాయి కంటే ఉయ్యాల ఖరీదా!" అంది ఆమె.

"ఉయ్యాల తెగితే దెబ్బ తగిలేది పాపాయికే కదమ్మా."

ఈ మాటకి దుకాణంలో అందరూ నవ్వారు, ఆమె మొగుడు తప్ప. అతను పిడులు రెండూ పట్టుకుని, అప్పుడే నీళ్ళలో ఉన్నట్టు అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. "నాన్నకి బాగా కనిపించాలి," అన్నాడు. అతని లెక్కలో అది పెద్ద ఉపన్యాసం.

అతను రేవులో డైవర్. పడవల అడుగున పట్టిన గుల్లలు గీకడం, జెట్టీ స్తంభాలకి ఇనప పట్టీలు బిగించడం అతని పని. మామయ్యదీ అదే పని, తండ్రీకొడుకులు కలిసే దిగేవారు. కర్ణభేరికి చిల్లుపడింది, మళ్ళీ నీళ్ళలో దిగితే ఉన్న వినికిడీ పోతుందని డాక్టరు గట్టిగా చెప్పాక ఆయన ఒడ్డున పడ్డాడు. ఇప్పుడు ఆయన చేతుల్తో నిలబెట్టిన పాత జెట్టీని పడగొట్టబోతున్నారు. వచ్చే వారం క్రేన్లు దిగుతాయి.

రోజూ సాయంత్రం కొడుకు గుమ్మంలో అడుగుపెట్టగానే మామయ్య, "కింద ఎలా ఉందిరా?" అంటాడు.

"బానే ఉంది నాన్నా."

"మేనేజరు కనిపించాడా?"

"చూళ్ళేదు."

అంతటితో సరి. ఇంకో మాట కోసం ఆయన కాసేపు ఎదురుచూసి, ఆనక పేపరు అడ్డం పెట్టుకుంటాడు. మేనేజరంటే చేప. జెట్టీ చివరి స్తంభం నీడలో ఉండే పెద్ద మచ్చల చేప. "తనేం చెయ్యడు తల్లీ, మూతి వేలాడేసుకుని మనం చేసేదంతా చూస్తుంటాడు. అందుకే ఆ పేరు పెట్టా," అని మొదటిసారి చెప్పినప్పుడు మామయ్య మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోయింది. ఆ వెలుగు చూశాకే ఆమెకి ఈ కెమెరా ఆలోచన వచ్చింది. పెళ్ళికి స్నేహితులు చదివించింది ఇంకా ఖర్చుపెట్టలేదు. మామయ్య ఆశపడి భంగపడకూడదని మొగుడికి తప్ప ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆమె వారమంతా కెమెరాల గురించి దొరికిందల్లా చదివింది. "ఏమండీ, అక్కడి నీళ్ళు ఎలా ఉంటాయి?" అనడిగింది ఇప్పుడు దుకాణంలో.

"బురద."

"చెయ్యి చాపితే వేళ్ళు కనిపిస్తాయా?"

"కనిపిస్తాయి. ఆ పైన కష్టం."

"మరి దూరం చూసే కెమెరా ఎందుకండీ? దగ్గరికెళ్ళి తియ్యాలి. కాస్త వెడల్పుగా పట్టేదైతే చాలు. మిగిలిన దాంతో మంచి టార్చి కొందాం. లైటు ఎదురుగా కాకుండా పక్కనుంచి పడితే మధ్యలో ఉన్న బురద మెరవదట. పైగా దీన్ని పట్టీతో నుదుటికి కట్టుకోవచ్చు."

"మేడమ్‌గారు నా దుకాణానికి ఎసరు పెట్టేలా ఉన్నారు," అన్నాడు దుకాణాదారు, బుల్లి కెమెరాకి సరిపోయే పట్టీ వెతుకుతూ.

మొగుడు పెద్దదాన్ని బల్ల మీద మెల్లిగా దించాడు. ఇంటికొచ్చేదాకా పెదవి విప్పలేదు. ఎప్పుడూ విప్పడు కాబట్టి, అది అలకో అలవాటో ఆమెకి అంతుపట్టలేదు.

డబ్బాని ముందు ఖాళీగా పరీక్షించాలి. కెమెరా బదులు లోపల టిష్యూ కాగితం మడిచి పెట్టి ముంచాలి. నీళ్ళు చొరబడితే కాగితం చెప్పేస్తుంది. మొగుడు బజారుకెళ్ళినప్పుడు ఆమె ఆ పని తనే ముగించేసింది. తలస్నానం చేసి జుట్టు విరబోసుకునే ఉండి, డబ్బాలో కాగితం పెట్టి మూత నొక్కింది. ఖాళీ డబ్బా తేలిపోతుంటే, మునగడానికి మొగుడు నడుముకి కట్టుకునే సీసం బిళ్ళొకటి కట్టి బకెట్లో దించింది.

మామయ్య స్నానాల గదిలోకి తొంగిచూశాడు. "ఏం నానబెట్టావమ్మా?"

"మీ అబ్బాయి సబ్బుపెట్టె, మామయ్యా."

"సబ్బు కరిగిపోదూ?" అంటూ ఆయన వెళ్ళిపోయాడు.

మొగుడు వచ్చాక ఇద్దరూ కలిసి డబ్బా తెరిచారు. కాగితం ఒక మూల తడిసి ముద్దయింది.

"పెద్దది కొనుంటే..." అన్నాడతను. వాక్యం పూర్తి చెయ్యలేదు గానీ ఆ సగమే చాలింది. పెళ్ళయ్యాక ఇదే మొదటి దెప్పు. ఆమెకి కళ్ళు చెమర్చాయి. వెనక్కిచ్చి మార్చుకురావడానికి వ్యవధి లేదు. జెట్టీ మీద పనివాళ్ళు అప్పుడే పలకలు ఊడదీస్తున్నారట.

అతను వరండాలోకి వెళ్ళిపోయాడు. ఆమె డబ్బా పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. మూత చుట్టూ నల్ల రబ్బరు రింగు ఉంది, నీళ్ళని ఆపేది అదే. దాన్ని వేలి కొసతో తడుముకుంటూ వచ్చింది. ఒకచోట ఏదో తగిలింది. వెలుతురుకి పెట్టి లాగింది. ఒక వెంట్రుక. అది అలా వస్తూనే ఉంది, జానెడు దాటి, మూరెడు దాటి. తనదే!

"అత్తయ్యా!" అని కేక పెట్టింది పట్టలేక.

అత్తయ్య చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. కోడలు సంగతంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. అత్తయ్య ముందు ముక్కున వేలేసుకుంది, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. "అన్నంలో పొట్టి వెంట్రుకొస్తే నా మీదకి తోసెయ్యొచ్చు. నా జుట్టేమో పిలకంత! ఈ మూరెడుదాన్ని ఎవరి మీదకి తోస్తావే?" అని, తన తువ్వాలే తీసి కోడలి జుట్టంతా గట్టిగా చుట్టేసింది. "ఇద్దరు మగాళ్ళూ నీళ్ళలో చేతుల్తో కబుర్లాడీ ఆడీ, గట్టు మీద మాట్లాడటం మర్చిపోయారు. నువ్వైనా వాగుతూ ఉండు తల్లీ, ఇల్లు ఇల్లులా ఉంటుంది."

రింగు తుడిచి మళ్ళీ ముంచారు. ఈసారి కాగితం పెళపెళలాడుతూ బయటికొచ్చింది. మొగుడు వరండాలోంచి వచ్చి, దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని చెంపకి ఆనించుకున్నాడు. "పొడిగా ఉంది," అని, ఇంకేదో అనబోయి, ఆమె తల మీది తువ్వాలు సర్దాడు. ఆ సర్దడంతోనే ఆమె అతన్ని క్షమించేసింది. లోపల ఆవిరి పట్టకుండా, పెళ్ళికి కొన్న చేతిసంచుల్లో దొరికిన చెమ్మ పీల్చే పొట్లాల్లోంచి ఒకటి తీసి కెమెరా పక్కన ఇరికించింది. పారెయ్యకుండా దాచిపెట్టినందుకు తనని తనే మెచ్చుకుంది.

మర్నాడు సాయంత్రం అతను తడి జుట్టుతో వచ్చి, కెమెరా ఆమె చేతిలో పెట్టి, "చూడండి," అనేసి సరాసరి స్నానానికి పోయాడు. ఆమె కెమెరాని టీవీకి తగిలించింది. "మామయ్యా, ఇలా వచ్చి కూర్చోండి. పేపరు అక్కడ పెట్టేయండి."

తెరంతా పచ్చటి మసక. ఇంతేనా? ఇంతలో అతను భుజానికి కట్టుకున్న టార్చి పక్కనుంచి వెలిగింది. గుల్లలు పట్టిన స్తంభం, ముట్టుకోవచ్చన్నంత దగ్గరగా ప్రత్యక్షమైంది. ఆ వెలుగులోకి రెండు చేతులు వచ్చాయి. వేళ్ళు చకచకా కదిలాయి.

మామయ్య కుర్చీ అంచుకి జరిగాడు.

"ఏం చేస్తున్నారు మామయ్యా?"

"మాట్లాడుతున్నాడమ్మా." ఆయన తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "నాన్నా, ఇది నువ్వు బిగించిన పట్టీ, ఇంకా కదల్లేదు అంటున్నాడు... ఇక్కడే వాడు మేకు జారవిడిస్తే నేను వాడి చెవి మెలేశానట. అబద్ధం! మెల్లిగా పట్టుకున్నానంతే!"

ఇంట్లో ఒక్క ముక్క మాట్లాడని మనిషి, నీళ్ళలో ఆగడం లేదు. పట్టీ పట్టీకీ ఒక కథ. చేతులు రెండూ ఖాళీగా ఉండబట్టి గానీ, ఆ పిడుల కెమెరా పట్టుకుని ఉంటే?

చివరి స్తంభం దగ్గర చేతులు ఆగాయి. నీడలోంచి ఒక వేలాడే మూతి, దాని వెనక మచ్చల బుగ్గలు నెమ్మదిగా బయటికొచ్చాయి.

"మేనేజరు!" అరిచాడు మామయ్య. "ఒళ్ళు చేశాడు వెధవ! ఏమే, వచ్చి చూడు!"

అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసింది. "అచ్చం మా అన్నయ్య మూతిలానే ఉంది."

మామయ్య నవ్వలేదు. "అంతా పడగొట్టేస్తే వీడెక్కడికి పోతాడు?"

ఆ ప్రశ్న ముందే విన్నట్టు తెర మీది చెయ్యి దూరంగా చూపించింది, తర్వాత గుండ్రంగా తిరిగింది. "కొత్త జెట్టీ కింద రాళ్ళలో గుహ ఉందట. వాడికి సరిపోతుందట," అన్నాడాయన. అని ఊరుకోలేదు. ఆయన చేతులు ఒళ్ళోంచి లేచాయి. మొదట వేళ్ళు తడబడ్డాయి, ఆపై చురుగ్గా కదిలాయి. తెరకి జవాబు చెబుతున్నాడు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆఖర్న తెర మీది చేతులు తల మీంచి నడుముదాకా ఒక పొడుగాటి గీత గీశాయి. "నీ జుట్టే," అన్నాడు మామయ్య. ఆ తర్వాత రెండు అరచేతులూ ఒకదానిలో ఒకటి ఒదిగి ఛాతీ దగ్గర ఆగాయి.

"ఇదేంటి మామయ్యా?"

ఆయన గొంతు సవరించుకుని పైకప్పు చూశాడు. "అది నాకు చెప్పింది కాదమ్మా. వాణ్ణే అడుగు."

ఆమె పరిగెత్తి స్నానాల గది తలుపు కొట్టింది. తలుపు సందులోంచి సబ్బు నురగతో ఒక మొహం బయటికొచ్చింది. ఆమె అరచేతులు రెండూ ఒదిగించి గుండెకి ఆనించుకుంది. "ఏమండీ, దీనర్థం?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఏం లేదు," అన్నాడు. కానీ నురగ చేతులు బయటికి చాపి, ఆమె అరచేతుల చుట్టూ అలాగే ఒదిగించాడు.

హాల్లో మామయ్య వీడియో మళ్ళీ మొదటికి తిప్పుతున్నాడు.